చందా ఎవరిది, ఆట ఎవరిది?

కళని జనమే పోషించాలన్న మాట ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. నిర్మాతలు వద్దు, అకాడమీలు వద్దు, డబ్బున్నవాళ్ల దయ అంతకన్నా వద్దు. చూసేవాళ్లూ చదివేవాళ్లూ తలా కొంత వేసుకుంటే సినిమా తీయొచ్చు, పుస్తకం అచ్చేయొచ్చు, పాట రికార్డు చేయొచ్చు అంటున్నారు. దీనికి క్రౌడ్‌ఫండింగ్ అని పేరు పెట్టారు. 2009లో అమెరికాలో కిక్‌స్టార్టర్ మొదలైన దగ్గర్నుంచి లెక్కపెట్టుకుని ఇదొక కొత్త యుగం అని కూడా రాస్తున్నారు. జనం డబ్బుతో కళ నడవడం మీద మాకు ఏ పేచీ లేదు. మా పేచీ ఆ లెక్క మీద. యుగాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పే అధికారం ఎప్పుడూ వాళ్ల చేతుల్లోనే ఎందుకుంటుంది? అరకు కొండల్లో థింసా ఆడే ఆడవాళ్లని, ఊరూరా బుర్రకథ చెప్పిన షేక్ నాజర్‌ని, దర్గాల ముందు కూర్చుని ఖవ్వాలీ పాడేవాళ్లని పోషించింది ఏ నిర్మాత? ఏ అకాడమీ?

అయితే 'జనం ఇచ్చారు' అన్న ఒక్క మాటతో విషయం తేలిపోదు. ఎలా ఇచ్చారు? ఏ కథకి ఇచ్చారు? ఇచ్చి ఏం అడిగారు? ఈ మూడూ తేలాలి. అవి తేల్చుకోవడానికి మేం అరకు కొండల్ని ఎంచుకున్నాం. మేం మైదానం వాళ్లం. ఆ కొండలకి మేమూ పైవాళ్లమే. ఆదివాసుల తరఫున మాట్లాడే హక్కు మాకు లేదు, ఆ హక్కు మేం అడగడమూ లేదు. కానీ థింసాని చూసే చూపూ మమ్మల్ని చూసే చూపూ ఒకటేనని మాకు తెలుసు. ఆ చూపుకి ఆదివాసి అంటే తలలో పూలు, చేతికి కడియాలు, వెనక కొండ. ముసల్మాను అంటే టోపీ, అత్తరు, బిర్యానీ, లేకపోతే బాంబు. ఆ చూపున్న మనిషే డబ్బు తీసి ఇచ్చేటప్పుడు ఆ డబ్బుతో ఏ కళ బతుకుతుందన్నదే మా ప్రశ్న.

ముందు మాటల సంగతి చూద్దాం. మా ఇళ్లలో ఇవ్వడానికి ఒక్క మాట లేదు. ఖైరాత్ ఉంది, బక్షీస్ ఉంది, నజరానా ఉంది, చందా ఉంది. ఇవన్నీ తెలుగులోనూ కలిసిపోయాయి. ఖైరాత్‌లో ఇచ్చే చెయ్యి పైన, తీసుకునే చెయ్యి కింద. బక్షీస్ మెచ్చిన దొర విసిరేది. ఇవ్వకపోతే అడగడానికి లేదు. నజరానా దానికి తలకిందులు. అక్కడ ఇచ్చేవాడే తల వంచుతాడు. చందా ఈ మూడూ కాదు. పారసీలో చంద్ అంటే కొన్ని, కొంత. తలా కొంత వేసుకుని అందరికీ పనికొచ్చేది చేసుకోవడం చందా. ఇందులో పైచెయ్యి, కిందిచెయ్యి లేవు. ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కుంది, తీసుకున్నవాడికి లెక్క చెప్పే బాధ్యత ఉంది. తెలుగు పత్రికలు తరాల తరబడి చందాదారుల మీద బతికాయి. తెలుగులోంచి ఉర్దూ, పారసీ మాటల్ని ఏరి పారేయాలని వాదించినవాళ్లు కూడా చందా అన్న మాట లేకుండా పత్రిక నడపలేకపోయారు. క్రౌడ్‌ఫండింగ్‌కి తెలుగులో మాట లేదని ఎవరన్నా అంటే మాకు నవ్వొస్తుంది.

ఈ నాలుగు మాటలూ చేతిలో పట్టుకుని కొండెక్కుదాం.

థింసా తూర్పు కనుమల్లో పోర్జ, ఖోండు, భగత, వాల్మీకి, కొటియా తెగల ఆట. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, మోరి, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ముల వాయిద్యానికి ఒకే అడుగుగా కదులుతారు. అందులో రకాలున్నాయి. బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. పోతర్ తోల ఆకులు ఏరే పనిలోంచి వచ్చింది. బాగ్ థింసా పులి భయంలోంచి వచ్చింది. నాటికారి థింసాని వాల్మీకులు దీపావళికి ఆడతారు. అంటే ప్రతి ఆట వెనకా ఒక మొక్కు, ఒక పని, ఒక భయం, ఒక పండగ ఉన్నాయి. సందర్భం లేకుండా ఆడే ఆట అక్కడ లేదు.

పండగల్లో ఒక ఊరి ఆటగత్తెలు ఇంకో ఊరికి పోయి ఆడే ఆచారం ఉంది. దాన్ని సంకిడి కేల్‌బార్ అంటారు. పోయిన ఊళ్లో ఆటలోనూ కలుస్తారు, ఊరి విందులోనూ కలుస్తారు. ఇక్కడ ప్రేక్షకుడెవరు? కళాకారిణి ఎవరు? పోషకుడెవరు? విడదీసి చెప్పడం కష్టం. అన్నం పెట్టిన చెయ్యే ఆటలో ఇంకో చేతిని పట్టుకుంటుంది. కళాపోషణ గురించి మన సాహిత్య చరిత్రల్లో రాజుల పేర్లుంటాయి, జమీందార్ల పేర్లుంటాయి. ఊరు ఊరిని పోషించుకున్న ఈ పద్ధతికి అందులో ఒక్క పేజీ లేదు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగది ఇంకో పద్ధతి. మగవాళ్లు వేటకి అడవిలోకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బండ్లని ఆపి, పాడి ఆడి పండగ ఖర్చుకి డబ్బు అడుగుతారు. కార్లలో వచ్చిన మైదానం వాళ్లలో కొందరు దీన్ని చూసి 'అడుక్కుంటున్నారు' అంటారు. కొందరు 'బలవంతపు వసూళ్లు' అంటారు. రెండూ ఆ చూపులోంచి వచ్చిన మాటలే. మా ఊరి దారిన, మా పండగ రోజున పోతున్నావు, పండగలో నీ వంతు వేసి పో అనడం అది. ఏడాది పొడుగునా ఆ దారిన కొండ మీది పంట కిందికి దిగుతుంది, కింది సరుకు పైకి ఎక్కుతుంది. ఆ కొద్ది రోజులు మాత్రం దారి ఆడవాళ్లది. ఆ కర్రలో అడుక్కోవడం లేదు, అధికారం ఉంది. ముక్కూమొహం తెలియని బాటసారిని కూడా పండగలో భాగస్తుణ్ణి చేసే ఆ వసూలు పేరు మా భాషలో ఖైరాత్ కాదు, చందా.

ఇప్పుడు అదే ఆటని రిసార్టులో చూద్దాం. విశాఖ నుంచి అరకు పోయే రైలుకి 2017లో అద్దాల బోగీ తగిలించారు. బొర్రా గుహలు, జలపాతాలు, కాఫీ తోటలు, సాయంత్రానికి చలిమంట ముందు థింసా. దేవత కోసం ఆడేదీ, పెళ్లికి ఆడేదీ, ఆకులేరే ఆటా అన్నీ కలిపి యాత్రికుడి ఓపికకి సరిపడా ఒక ముక్క. చివర్న యాత్రికులు కూడా వరసలో దూరి రెండడుగులు వేసి ఫొటోలు తీసుకుంటారు. వాళ్లూ కలిసి ఆడుతున్నారు కదా, ఇది మాత్రం సంకిడి కేల్‌బార్ కాదా అని అడగొచ్చు. కాదు. అక్కడ వచ్చినవాళ్లకీ పిలిచినవాళ్లకీ రేపు కూడా సంబంధం ఉంటుంది. యాత్రికుడికి రేపు ఇంకో ఊరు ఉంటుంది. డబ్బు గది అద్దెలోనో, టికెట్టులోనో కలిసి యజమానికి పోతుంది. ఆడినవాళ్లకి ముందే కుదిరిన కూలి, దాని మీద మెచ్చినవాళ్లు చేతిలో పెట్టే నోటు. ఆ నోటు పేరు బక్షీస్. రోడ్డు మీద కర్ర పెట్టి హక్కుగా అడిగిన చెయ్యే ఇక్కడ మెప్పు కోసం చూసే చెయ్యి అయింది. ఆట మారలేదు, మనుషులు మారలేదు. ఇచ్చే పద్ధతి మారింది. దాంతో అంతా మారింది.

ఆ డబ్బు ఆడవాళ్లకి అక్కర్లేదని మేం అనడం లేదు. వాణిజ్యం ఆదివాసి సంస్కృతిని మలినం చేసిందని మైదానంలో ఫ్యాను కింద కూర్చుని ఏడ్చేవాళ్ల ఏడుపు మాకు లేదు. ఆట అమ్ముకోవడం నేరం కాదు. మేమూ పాటలు అమ్ముకుని బతికినవాళ్లమే. ధర ఎవరు కడుతున్నారు? ఎంతసేపు ఆడాలో ఎవరు చెప్తున్నారు? ఏ ఆటని అమ్మకానికి పెట్టకూడదో ఎవరు తేలుస్తున్నారు? ఆడేది ఆడవాళ్లు, వాయించేది మగవాళ్లు. డబ్బు ముందుగా ఎవరి చేతిలో పడుతోంది? ఈ ప్రశ్నలకి ఆడేవాళ్ల నోటి నుంచి జవాబు రానంతకాలం అది కళాపోషణ కాదు, కూలి ఆట.

కొండ మీది భూమికి చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించారు. జనం నోట్లో అది 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని అది చెప్తుంది. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ నిబంధనలోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది, కాబట్టి సర్కారు కూడా అక్కడి భూమిని ప్రైవేటు గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదని తేల్చింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టుకుని ఎవరు పడితే వాళ్లు కాఫీ అమ్మకూడదు. భూమికి కాపలా ఉంది, గింజకి కాపలా ఉంది. మరి ఆటకి? 1996 పీసా చట్టంలో తన ఆచారాల్ని, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని రాశారు. ఆ అక్షరాలు కాగితం మీద ఉన్నాయి. థింసాని రిసార్టులో పెట్టినప్పుడు, సినిమా పాటలో వాడుకున్నప్పుడు, ప్రభుత్వ ఉత్సవాల్లో మంత్రులకి స్వాగతంగా ఆడించినప్పుడు ఎన్ని గ్రామసభల్ని అడిగారు? అడగాలన్న ఆలోచన ఎందరికి వచ్చింది?

ఇదంతా 'ఎలా ఇచ్చారు' అన్న ప్రశ్న. 'ఏ కథకి ఇచ్చారు' అన్నది రెండో ప్రశ్న. దానికోసం ఇవే కొండల కథని మైదానమంతా తిప్పిన మా నాజర్ దగ్గరికి పోవాలి.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టాడు. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథని జనం కథగా నిలబెట్టాడు. పల్నాటి యుద్ధం చెప్పాడు, బొబ్బిలి యుద్ధం చెప్పాడు, బెంగాల్ కరువు చెప్పాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం పోరాటాన్ని, అల్లూరి సీతారామరాజు కథని చెప్పాడు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో కూడా ఆయన దళం ఆ కథ చెప్పింది. కొండల్లో లేచిన తిరుగుబాట్లని పితూరీలు అంటారు. ఆ మాట మా ఫితూర్ లోంచి వచ్చిందే. మా మాటని పేరుగా పెట్టుకున్న పోరాటాల్లో ఒకదాన్ని మా మనిషి గొంతు ఊళ్లకి అందించింది. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. సర్కారు గుర్తించడానికి ఎన్నో ఏళ్ల ముందే ఊళ్లు ఆయన్ని గుర్తించాయి. ఒక సాయిబుకి తెలుగు జనం పట్టం కట్టారంటే అది మెజారిటీ సంస్కృతి ఔదార్యం కాదా అని కొందరు అడుగుతుంటారు. ఔదార్యం అన్న మాట ఖైరాత్‌కి సరిపోతుంది. నాజర్ గొంతు ముందు ఊళ్లు పెట్టింది నజరానా. అందులో ఆయన ఎవరికీ రుణపడిలేడు.

కానీ ఏ కథకి ఇచ్చారో చూడండి. బొబ్బిలికి ఇచ్చారు, పల్నాడుకి ఇచ్చారు, అల్లూరికి ఇచ్చారు. నాజర్ పుట్టిన కులం పేరు పింజారి. దూది ఏకి జనానికి పరుపులు కుట్టి ఇచ్చిన కులం పేరు తెలుగునాట ఇవాళ్టికీ తిట్టు. నాజర్ తన బతుకుని చెప్పుకుంటే అంగడాల వెంకట రమణమూర్తి దాన్ని పుస్తకంగా తెచ్చారు. దాని పేరు 'పింజారి'. తిట్టునే అట్ట మీద పెట్టుకున్న ఆ ధైర్యానికి మేం సలాం చేస్తున్నాం. అయితే ఊరూరా వేల మందిని రాత్రంతా కూర్చోబెట్టిన గొంతుకి తన కథ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఊరి నడుమ వేదిక కాకుండా మరొకరి కలం ఎందుకు కావాల్సి వచ్చింది? జనం పిలిచి చెప్పించుకున్నది తమ వీరుల కథల్ని. పింజారి కథ ఎవరూ పిలిచి చెప్పించుకునే కథ కాదు.

కొండల వైపు నుంచి చూసినా ఇదే. అల్లూరి మైదానం నుంచి కొండకి పోయినవాడు. 1924లో ఆ కొండల కోసం ప్రాణం ఇచ్చాడు. ఆయన త్యాగాన్ని మేం గోరంత కూడా తగ్గించం. కానీ ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర ఆ కొండల మనుషులు. మల్లుదొర శిక్ష అనుభవించి బయటికి వచ్చి 1952లో లోక్‌సభకి కూడా గెలిచాడు. 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. 2022లో అల్లూరి పేరుని వాడుకుని 'ఆర్ ఆర్ ఆర్' వచ్చింది. టికెట్ల డబ్బు కోట్లలో వచ్చింది. పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన జిల్లాకీ అల్లూరి పేరే పెట్టారు. గంటందొర, మల్లుదొరల పేర్లు ఎంతమంది పిల్లలకి తెలుసు? జనమే పోషకులైన చోట జనం తమకి దగ్గరగా ఉన్న మొహాన్నే వీరుడిగా ఎంచుకుంటారు. తలకి ఇంత అని డబ్బు వేసే చోట తలల లెక్కే న్యాయమవుతుంది. తలల లెక్కలో మేం ఎప్పుడూ తక్కువ. ఆదివాసులు ఇంకా తక్కువ. జమీందారు పోయి జనం వచ్చినంత మాత్రాన మైనారిటీ కథకి చోటు దొరకదు. ఒక్క జమీందారు స్థానంలో లక్షమంది చిన్న జమీందార్లు వస్తారు, అంతే.

ఇక మూడో ప్రశ్న. ఇచ్చి ఏం అడిగారు?

1976లో శ్యాం బెనెగల్ 'మంథన్' తీశాడు. గుజరాత్‌లో 5 లక్షల మంది పాల రైతులు తలా 2 రూపాయలు వేసి ఆ సినిమాకి నిర్మాతలయ్యారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన బెనెగల్ 2024లో పోయాడు. అదే ఏడాది ఆ సినిమాని బాగుచేసి కాన్ చిత్రోత్సవంలో మళ్లీ చూపించారు. 1986లో కేరళలో జాన్ అబ్రహాం, ఒడెస్సా సంఘం మిత్రులతో కలిసి ఊళ్లు తిరిగి జనం దగ్గర చందాలు పోగుచేసి 'అమ్మ అరియాన్' తీశాడు. 2013లో కన్నడంలో పవన్ కుమార్ 'లూసియా', 2018లో తెలుగులో ఫణీంద్ర నర్సెట్టి 'మను' ఇలాగే వచ్చాయి. 'మను' వెనక నిర్మాత అనే ఒక్క మనిషి కాక వందమందికి పైగా ఉన్నారు. ఇవన్నీ మంచి పనులే. కానీ అన్నీ ఒకటి కాదు. 'మంథన్'కి డబ్బిచ్చినవాళ్లకి అప్పటికే సహకార సంఘాలున్నాయి. సినిమా వాళ్ల బతుకు గురించే. ఇచ్చినవాళ్లూ తెర మీద ఉన్నవాళ్లూ ఒకరే. తర్వాతి సినిమాలకి డబ్బిచ్చినవాళ్లు దర్శకుడి ప్రతిభని నమ్మి ఇచ్చారు. అదీ సరే. ఇచ్చినవాళ్లలో చాలామంది దర్శకుడిలాంటి వాళ్లే. ఆ దర్శకుల్ని ఎవరూ 'నువ్వెవరు, నీ బాధేమిటి, నువ్వు మంచివాడివేనా' అని అడగలేదు.

మమ్మల్ని అడుగుతారు. ఆదివాసిని అడుగుతారు. కిక్‌స్టార్టర్ పద్ధతిలో అనుకున్న మొత్తం గడువులోగా రాకపోతే పైసా చేతికి రాదు. వస్తే నూటికి 5 ఆ సంస్థది. కాబట్టి డబ్బు కావాల్సినవాడు గడువులోగా పరాయి మనసుల్ని కరిగించాలి. తన మొహం చూపించాలి, తన కథ చెప్పాలి, ఇచ్చినవాడికి ఏం కానుక పంపుతాడో ముందే రాయాలి. ఇవి అందరికీ ఒకటే నియమాలు. కానీ అందరికీ ఒకటే బరువు కాదు. థింసా గురించి సినిమా తీస్తానన్న కొండ కుర్రాడు ప్యాంటు చొక్కాతో కెమెరా ముందు నిలబడి, మా ఊరి భూతగాదా గురించి తీస్తాను అంటే ఎంతమంది ఇస్తారు? తలకి ఈకలు పెట్టుకుని, అంతరించిపోతున్న మా కళని కాపాడండి అంటే ఎంతమంది ఇస్తారు? ముస్లిం పిల్ల నేనొక ప్రేమకథ తీస్తాను అంటే ఎవరికి పట్టింది? నన్ను బురఖా నుంచి విడిపించండి అంటే ఎన్ని చేతులు లేస్తాయి? అది చందా పేరుతో వచ్చే ఖైరాత్. ఖైరాత్ ఇచ్చేవాడికి తీసుకునేవాడు దీనంగానే కనిపించాలి. దీనంగా కనిపించనివాడు మోసగాడవుతాడు.

ఈ షరతులు బయటివాళ్లే పెడతారని అనుకోవద్దు. మా సంకలనాలు చాలావరకు మా జేబుల్లోంచి, తెలిసినవాళ్ల చందాల్లోంచి వచ్చాయి. ఇచ్చినవాళ్లలో మా వాళ్లున్నారు, హిందూ మిత్రులున్నారు. సెక్యులర్ మిత్రుల్లో కొందరు డబ్బిస్తూ 'మీ ముల్లాల్ని కూడా రెండు దెబ్బలు వేయండి' అంటారు. మా పెద్దల్లో కొందరు డబ్బిస్తూ 'ఇంటి గుట్టు బయట పెట్టకండి బేటా' అంటారు. ఒకరు తలాక్ గురించే రాయమంటారు, ఒకరు తలాక్ గురించి రాయొద్దంటారు. ఇద్దరి మధ్యా మా ఇంట్లో పొద్దున లేచి బీడీలు చుట్టే అమ్మీ కథ ఎక్కడ రాయాలి? ఆమె బాధకి మతం పేరు లేదు, దానికి చందా లేదు.

మా సంప్రదాయంలోనే దీనికి ఒక జవాబు ఉందని మేం అనుకుంటున్నాం. ఉర్సుల్లో ఖవ్వాలీ జరిగేటప్పుడు, విన్నవాడు కరిగిపోయి డబ్బు ఇవ్వాలనుకుంటే నేరుగా పాడేవాడి ముందు విసరడు. ముందు మెహఫిల్‌లో కూర్చున్న పెద్దకి నజరానాగా ఇస్తాడు. ఆయన చేతి మీదుగా అది పాడేవాళ్లకి పోతుంది. ఆ దారిలో డబ్బుకి ఇచ్చినవాడి పేరు చెరిగిపోతుంది. మెహఫిల్ ఇచ్చినట్టవుతుంది. నేను ఇచ్చాను కాబట్టి నా మాట విను అనడానికి వీలుండదు. అయితే ఆ మెహఫిల్‌లో మా ఆడవాళ్లు ఎక్కడ కూర్చున్నారన్న ప్రశ్న అలాగే ఉంది. ఆ విషయంలో కొండ ఆడవాళ్ల వలయం మా మెహఫిల్ కన్నా ముందుంది.

పీర్ల పండగ చూడండి. ఊళ్లో సాయిబుల ఇళ్లు పట్టుమని పది లేకపోయినా పీర్లు లేస్తాయి. ఒకరు దట్టీ ఇస్తారు, ఒకరు బెల్లం ఇస్తారు, ఒకరు అలావా గుండానికి కట్టెలు ఇస్తారు. ఇచ్చిన ప్రతి ఇంటివాళ్లూ ఆ గుండం చుట్టూ తిరుగుతారు. అక్కడ కులం అడగరు, మతం అడగరు. థింసా వలయమూ అలావా వలయమూ మాకు ఒక్కలాగే కనిపిస్తాయి. రెండు చోట్లా ఇచ్చినవాడు బయట నిలబడి చూసేవాడు కాదు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఈ వలయాన్ని తెంచడానికి రెండు వైపుల నుంచీ చేతులు పడుతూనే ఉన్నాయి. 'వాళ్ల పండగకి మనమెందుకివ్వాలి' అని ఒక వైపు, 'ఇది అసలు ఇస్లామే కాదు' అని ఇంకో వైపు. చందా ఆగిపోయిన రోజు పీరు ఒంటరిదవుతుంది. సాయిబు కూడా.

అందుకే కళని జనం పోషించాలన్న మాటని మేం కాదనడం లేదు. ఆ జనం ఎవరో ముందు తేల్చమంటున్నాం.

మేం కోరేవి పెద్ద కోరికలేం కావు. థింసా ఆడే ఆడవాళ్లే కూర్చుని తమ ఆట ధర, సమయం, ఏది ఆడాలి, ఏది ఆడకూడదు అన్నవి రాసుకోవాలి. దానికి గ్రామసభ తీర్మానం తోడుండాలి. పీసాలో ఆ అధికారం ఉంది, వాడుకోవడమే మిగిలింది. గుజరాత్ పాల రైతులు చేసింది కొండ రైతులు చేయలేరా? గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. కాఫీ రైతుల సంఘాలున్నాయి. వాళ్లు తలా 2 రూపాయలు వేసి తమ భాషలో, తమ మల్లుదొర మీద ఒక సినిమా తీసుకుంటే, దాన్ని చూడడానికి మైదానం నుంచి మేం పోతాం. టికెట్ కొనుక్కునే పోతాం.

మా వైపు నుంచి రెండు నియమాలు పెట్టుకుందాం. మసీదు గోడ మీద వసూళ్ల లెక్క రాసి పెట్టినట్టు, మా పుస్తకాలకి వచ్చిన ప్రతి రూపాయి లెక్కా అందరికీ చదివి వినిపిద్దాం. అది మా బాధ్యత. రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా ఇచ్చినవాళ్లకి ముందుగా చూపించొద్దు. అది మా హక్కు. లెక్క అడిగినవాళ్లు చందాదారులు. అక్షరం అడిగినవాళ్ల డబ్బు మర్యాదగా వాపసు ఇచ్చేద్దాం.

చైత్రంలో అరకు దారిన పోయే మిత్రులకి కూడా ఒక మాట. రోడ్డు మీద కర్ర అడ్డం వస్తే అద్దం దించి నోటు విసిరి పోకండి. బండి దిగండి. పండగ ఏమిటో అడగండి, మీ వంతు ఎంతో అడగండి, వేయండి. ఫొటో తీయాలనుకుంటే, ముందు తీయొచ్చా అని అడగండి. వద్దంటే తీయకండి.